"తెలియక జరిగింది" అనకండి, ఉత్తరాలున్నాయి

"ఆ రోజులే అలాంటివండీ.. అప్పట్లో ఎవరికి తెలుసు, ఎవరు పట్టించుకున్నారు?"

అమెరికాలో నల్లవాళ్ళ చరిత్ర గురించి మాటొచ్చినప్పుడల్లా మన ఐటీ జనాల నోట ఈ వాక్యం వినీ వినీ విసుగెత్తి ఈ టపా రాస్తున్నాను. దీనికి తోడు ఇంకో వాక్యం కూడా ఉంటుంది: "ఓటు హక్కు ఇచ్చారు కదా, నిలబెట్టుకోలేకపోయారు. దానికి ఎవరేం చేస్తారు?"

రెండూ అబద్ధాలే. మర్యాదగా చెప్పాలంటే చదవకుండా అనేసిన మాటలు. ఆధారం ఏమిటంటారా? ఉత్తరాలు. 1875లో మిసిసిపీ గవర్నర్‌కి ఆ రాష్ట్రపు జనం రాసుకున్న ఉత్తరాలు.

ముందు కాస్త నేపథ్యం. తెలిసినవాళ్ళు రెండు పేరాలు దాటెయ్యొచ్చు.

అమెరికా అంతర్యుద్ధం 1865లో ముగిసింది. ఓడిపోయిన దక్షిణాది రాష్ట్రాలని మళ్ళీ దేశంలో కలుపుకుని, బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ళని పౌరులుగా నిలబెట్టే ప్రయత్నం 1877 దాకా సాగింది. దాన్నే రీకన్‌స్ట్రక్షన్ అంటారు. మూడు రాజ్యాంగ సవరణలు వచ్చాయి. 13వది (1865) బానిసత్వాన్ని రద్దు చేసింది. 14వది (1868) ఆ గడ్డ మీద పుట్టినవాళ్ళకి పౌరసత్వం ఇచ్చింది. 15వది (1870) జాతి పేరు చెప్పి ఓటు కాదనకూడదంది. ఇంకో మాట.. అప్పటి రిపబ్లికన్లు లింకన్ పార్టీ, డెమోక్రాట్లు దక్షిణాదిలో పాత బానిసల యజమానుల పార్టీ. ఇప్పటి పార్టీల లెక్కతో చదివితే అంతా తలకిందులైపోతుంది.

1870 జనాభా లెక్కల్లో మిసిసిపీలో నల్లవాళ్ళు 4,44,201 మంది, తెల్లవాళ్ళు 3,82,896 మంది. ఓట్లు సవ్యంగా పడితే ఎవరు గెలుస్తారో చెప్పడానికి కాలిక్యులేటర్ అక్కర్లేదు. అలాగే గెలిచారు కూడా. అమెరికా సెనేట్‌లో అడుగుపెట్టిన మొదటి నల్లజాతి సభ్యుడు హైరమ్ రెవెల్స్ 1870లో వెళ్ళింది మిసిసిపీ నుంచే. బానిసగా పుట్టిన జాన్ లించ్ పాతికేళ్ళయినా నిండకుండా ఆ రాష్ట్ర ప్రతినిధుల సభకి స్పీకర్ అయ్యాడు. "నిలబెట్టుకోలేకపోయారు" అనేవాళ్ళు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. పదేళ్ళ కిందటి దాకా మనిషిని మనిషి అమ్ముకున్న చోట ఇది జరిగింది.

సరే, అసలు విషయానికొద్దాం.

1874 జనవరిలో అడెల్బర్ట్ ఏమ్స్ గవర్నర్ అయ్యాడు. ఉత్తరాదిలోని మెయిన్ రాష్ట్రం వాడు, యుద్ధంలో యూనియన్ సైన్యంలో పోరాడి పతకం అందుకున్నవాడు. ఆ ఏడాది డిసెంబర్లో విక్స్‌బర్గ్‌లో పీటర్ క్రాస్బీ అనే నల్లజాతి షెరీఫ్ చేత సాయుధులు బలవంతంగా రాజీనామా రాయించుకున్నారు. ఆయనకి మద్దతుగా వచ్చిన జనాన్ని కాల్చి చంపారు. 1875 జనవరిలో ప్రెసిడెంట్ గ్రాంట్ సైన్యాన్ని పంపితే క్రాస్బీ మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ఏం చేస్తే పని జరుగుతుందో అందరికీ తెలుసు. ఒకసారి చేసి చూశారు, పని చేసింది.

1875 నవంబర్లో రాష్ట్ర ఎన్నికలు. ఆ ఎన్నికల కోసం డెమోక్రాట్లు పన్నిన పద్ధతికి చరిత్రలో "మిసిసిపీ ప్లాన్" అని పేరు. రైఫిల్ క్లబ్బులు పెట్టడం, రిపబ్లికన్ సభలకి తుపాకులతో వెళ్ళి నిలబడటం, వాళ్ళకి ఓటేస్తే కూలి పనీ కౌలు భూమీ ఉండవని చెప్పడం, మాట వినని నాయకుల్ని చంపడం. ఇదేమీ చీకట్లో చేసిన పని కాదు, పత్రికల్లో బాహాటంగా రాసుకున్నారు.

సెప్టెంబర్ 1న యాజూ సిటీలో రిపబ్లికన్ సభ మీద దాడి జరిగింది. షెరీఫ్ ఆల్బర్ట్ మోర్గన్ ప్రాణాలు దక్కించుకుని పారిపోవలసొచ్చింది. సెప్టెంబర్ 4న క్లింటన్‌లో పెళ్ళాం పిల్లలతో భోజనాలకని వచ్చిన జనం మధ్య కాల్పులు మొదలయ్యాయి. తర్వాతి కొన్ని రోజుల్లో సాయుధ ముఠాలు ఊళ్ళ మీద పడి నల్లవాళ్ళని వెతికి వెతికి చంపాయి. 30 నుంచి 50 మంది దాకా పోయారని అంచనా.

ఉత్తరాలు వెల్లువెత్తింది ఇదిగో ఇప్పుడే.

గవర్నర్‌కే ఎందుకు రాశారు? ఊళ్ళో ఫిర్యాదు చేద్దామంటే షెరీఫే పారిపోయాడు. ఉన్నచోట జడ్జి భయపడుతున్నాడు, లేకపోతే ఆ ముఠాలోనే ఉన్నాడు. ఇహ మిగిలింది రాజధాని జాక్సన్‌లో కూర్చున్న గవర్నర్. ఒక ఉత్తరంలో, పేద నల్లవాళ్ళని చంపడానికి ఫలానా ఊరికి బయల్దేరడానికి ఇవాళే ఆయుధాలు పట్టుకుంటున్నారు, గవర్నర్ గారూ మాకు రక్షణ అనేదే లేదా అని అడిగారు. ఇంకొకదాంట్లో సైనికుల్ని పంపమని వేడుకుంటూ, ఎంతమందిని ఉరి తీశారో లెక్క చెప్పి, ఉత్తరం ముగించేలోపే కాల్పులు మొదలయ్యాయని చివర్లో ఇరికించి రాశారు.

స్పెల్లింగులు తప్పులే. బానిసలకి చదువు చెప్పడం నేరంగా ఉన్న చోట పుట్టి, పెద్దయ్యాక అక్షరాలు నేర్చుకున్నవాళ్ళు రాసినవి మరి. కానీ ఎక్కడ, ఎప్పుడు, ఎవరు, ఎంతమంది, ఏం జరగబోతోంది, మీరేం చెయ్యాలి.. అన్నీ ఉన్నాయి. మన ప్రాజెక్టుల్లో "పని చెయ్యట్లేదు, వెంటనే చూడగలరు" అని ఒక్క ముక్క రాసి హై ప్రయారిటీ పెట్టే టికెట్ల కంటే వెయ్యి రెట్లు నయం. పైగా ఆ ఉత్తరం కింద సంతకం పెట్టడమంటే, అది దారిలో ఎవరి చేతుల్లోనైనా పడితే, ప్రాణం పోవడమే. అది తెలిసే పెట్టారు.

మరి గవర్నర్ ఏం చేశాడు? సెప్టెంబర్ 8న వాషింగ్టన్‌కి సైన్యం కోసం కబురు పెట్టాడు. రాష్ట్రంలో హింసని రాష్ట్రం అదుపు చెయ్యలేకపోతే కేంద్రాన్ని అడగొచ్చని అమెరికా రాజ్యాంగం 4వ అధికరణంలోనే ఉంది. అంటే ఎస్కలేషన్ పద్ధతి ప్రకారమే జరిగింది. సెప్టెంబర్ 14న అటార్నీ జనరల్ ఎడ్వర్డ్స్ పియర్‌పాంట్ జవాబు రాశాడు. సారాంశం ఇది: దక్షిణాదిలో ప్రతి శరదృతువులోనూ వచ్చే ఈ గొడవలతో జనం విసిగిపోయారు, ముందు మీ రాష్ట్రంలో ఉన్న వనరులన్నీ వాడి చూడండి. సపోర్ట్ డెస్క్ వాడు "ఒకసారి రీస్టార్ట్ చేసి చూశారా?" అన్నట్టు లేదూ!

ఇందులో ఇంకో మెలిక ఉంది. "జనం విసిగిపోయారు" అన్న మాట గ్రాంట్‌దే. కానీ అదే ఉత్తరంలో ఆయన, అవసరమైతే జోక్యం చేసుకోవడానికి ప్రకటన సిద్ధం చెయ్యమని కూడా అన్నాడు. పియర్‌పాంట్ తనకి కావలసిన ముక్కలు ఏరుకుని పంపాడు. అసలు కారణం ఏమిటి? అక్టోబర్లో ఒహాయోలో ఎన్నికలున్నాయి. మిసిసిపీకి సైన్యాన్ని పంపితే ఒహాయో పోతుందని పార్టీ పెద్దలు వచ్చి చెప్పారని, గ్రాంటే తర్వాత తనతో అన్నాడని జాన్ లించ్ రాసిపెట్టాడు. ఒహాయో గెలిచారు. మిసిసిపీని వదిలేశారు.

ఏమ్స్‌ని కూడా పూర్తిగా వదిలెయ్యను. ఆయన రాష్ట్ర మిలీషియా కంపెనీలు కొన్ని పోగు చేశాడు. ఒక కంపెనీకి చార్లెస్ కాల్డ్‌వెల్ అనే నల్లజాతి సెనేటర్ నాయకత్వం వహించాడు. వాళ్ళని నిజంగా దించితే ఊచకోత జరుగుతుందని భయపడి, అక్టోబర్ 13న డెమోక్రాట్ నాయకులతో ఒప్పందం చేసుకున్నాడు: నేను మిలీషియాని వెనక్కి పిలుస్తాను, మీరు ఎన్నికలు శాంతిగా జరగనివ్వండి. ఇటువైపు మాట నిలబడింది, అటువైపు నిలబడలేదు. కాల్డ్‌వెల్‌ని డిసెంబర్లో సొంత ఊరు క్లింటన్‌లోనే కాల్చి చంపారు.

ఫలితం చూడండి. రాష్ట్రం మొత్తం మీద డెమోక్రాట్లకి సుమారు 30 వేల మెజారిటీ. నల్లవాళ్ళే ఎక్కువగా ఉన్న యాజూ కౌంటీలో డెమోక్రాట్లకి 4,044 ఓట్లు, రిపబ్లికన్లకి 7. పొరపాటు కాదు, ఏడే. కొత్త శాసనసభ 1876లో నల్లజాతి లెఫ్టినెంట్ గవర్నర్ అలెగ్జాండర్ డేవిస్‌ని అభిశంసించి తీసేసింది. ఏమ్స్ మీద కూడా అభియోగాలు పెడితే మార్చిలో ఆయన రాజీనామా చేసి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు చెప్పండి, ఇందులో "తెలియకపోవడం" ఎక్కడుంది? ఊళ్ళో వాడికి తెలుసు, రాశాడు. గవర్నర్‌కి తెలుసు, పైకి పంపాడు. వాషింగ్టన్‌కి తెలుసు, లెక్కలేసుకుని వద్దనుకుంది. మన వృత్తిలో ఒక మూఢనమ్మకం ఉంది: డేటా ఉంటే చాలు, సమస్య దానంతటదే తీరుతుందని. డాష్‌బోర్డు పెడతాం, ఎర్ర దీపం వెలిగిస్తాం, పని అయిపోయిందనుకుంటాం. 1875లో ఎర్ర దీపాలన్నీ వెలిగాయి. చూడాల్సినవాళ్ళు చూశారు. ఆర్పడానికి ఎంత ఖర్చవుతుందో లెక్క కట్టి, టికెట్ మూసేశారు.

అక్కడితో అయిందా? లేదు. 1876లో జార్జ్ బౌట్‌వెల్ అధ్యక్షతన సెనేట్ కమిటీ విచారణ జరిపి, సాక్ష్యాలతో పాటు ఈ ఉత్తరాల్లో చాలావాటిని రెండు పెద్ద సంపుటాలుగా అచ్చేసింది. అంటే లైబ్రరీలో ఉన్నాయి. అయినా తర్వాతి యాభై అరవై ఏళ్ళు కొలంబియా యూనివర్సిటీలో డన్నింగ్ దగ్గర తయారైన చరిత్రకారులు రీకన్‌స్ట్రక్షన్ అంటే అజ్ఞానులైన నల్లవాళ్ళూ, దోచుకోవడానికొచ్చిన ఉత్తరాదివాళ్ళూ కలిసి చేసిన భ్రష్టుపాలన అని రాస్తూ పోయారు. 1915లో "బర్త్ ఆఫ్ ఎ నేషన్" సినిమా దాన్నే తెర మీదకెక్కించింది. 1935లో డుబాయిస్ గట్టిగా ఎదురు రాసినా విశ్వవిద్యాలయాలు చెవిన పెట్టడానికి ఇంకో పాతికేళ్ళు పట్టింది. 1956లో కెనెడీ పేరుతో వచ్చిన "ప్రొఫైల్స్ ఇన్ కరేజ్"లో కూడా ఏమ్స్ పాలన మీద అదే పాత బురద. ఏమ్స్ కూతురు బ్లాంచ్, అప్పటికే ముసలావిడ, దిద్దమని కెనెడీకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాసింది. దిద్దలేదు. చివరికి ఆవిడే తండ్రి జీవితచరిత్ర రాసి 1964లో వేయించింది. చూశారా, మళ్ళీ ఉత్తరాలే, మళ్ళీ మూసేసిన టికెట్టే.

"అవినీతి జరగలేదా మరి?" అనే ప్రశ్న వస్తుందని తెలుసు. జరిగింది. ఏమ్స్ హయాంలో విద్యాశాఖ చూసిన కార్డోజో నిధుల వ్యవహారంలో చిక్కుకుని, 1876లో అభిశంసన మొదలయ్యాక రాజీనామా చేశాడు. భూమి పన్నులు పెరిగాయి, రైతులకి కష్టమైంది. అదీ నిజమే. కానీ రాష్ట్రాన్ని శుద్ధి చేస్తామని తుపాకులతో వచ్చినవాళ్ళ ఖజానాదారు హెమింగ్‌వే 1890లో దిగిపోయేసరికి ఖజానాలో 3,15,612 డాలర్లు కనపడలేదు. దానికోసం ఎవరూ రైఫిల్ క్లబ్బు పెట్టలేదే? గొడవ అవినీతి గురించి కాదు, ఎవరు ఓటెయ్యాలన్న దాని గురించి. అదే 1890లో కొత్త రాజ్యాంగం రాసుకుని, ఓటుకి పన్నూ, చదివి అర్థం చెప్పే పరీక్షా పెట్టి ఆ పని పూర్తి చేశారు. 1964 నాటికి మిసిసిపీలో ఓటరుగా నమోదైన నల్లవాళ్ళు నూటికి ఏడుగురు కూడా లేరు.

ఇదంతా మనకెందుకు అంటారా? మనకే.

హెచ్-1 మీద వెళ్ళిన తెలుగు దంపతులకి అక్కడ పుట్టిన పిల్ల అమెరికన్ పౌరురాలు ఎలా అవుతోంది? 1868 నాటి 14వ సవరణ వల్ల. అది మనల్ని దృష్టిలో పెట్టుకుని రాసింది కాదు. ఈ ఉత్తరాలు రాసినవాళ్ళ కోసం రాసింది. చైనా తల్లిదండ్రులకి శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ కేసులో 1898లో సుప్రీంకోర్టు అది వలసవచ్చినవాళ్ళ పిల్లలకీ వర్తిస్తుందంది. మనవాళ్ళు గ్రీన్‌కార్డు లైన్లో నిలబడగలుగుతున్నది కూడా 1965 ఇమ్మిగ్రేషన్ చట్టం పుణ్యమే. నల్లవాళ్ళు రోడ్లెక్కి రక్తం కార్చి ఓటు హక్కు చట్టం సాధించుకున్న ఏడాదే, అదే కాంగ్రెస్ చేసిన చట్టం అది. 2025 జనవరిలో ఆ పుట్టుకతో వచ్చే పౌరసత్వానికే కోత పెడుతూ ప్రెసిడెంట్ ఆర్డరు మీద సంతకం పెట్టగానే, మన వాట్సాప్ గ్రూపులన్నీ ఒక్కసారిగా రాజ్యాంగ నిపుణులతో నిండిపోయాయి. అప్పుడు గుర్తొచ్చింది అందరికీ 14వ సవరణ!

మనం కష్టపడ్డాం, చదువుకున్నాం, ప్రతిభతో వచ్చాం. కాదనను. కానీ మనం నడిచొచ్చిన తలుపు ఎవరు తెరిచారో తెలుసుకోకుండా, తెరిచినవాళ్ళనే "నిలబెట్టుకోలేకపోయారు" అనడం మాత్రం నాకు మింగుడుపడదు. రాజ్యాంగంలో అక్షరం ఉన్నంత మాత్రాన హక్కు ఉన్నట్టు కాదని వాళ్ళకి 1875లోనే తెలిసింది. 14, 15 సవరణలు రెండూ అమల్లో ఉండగానే యాజూలో ఏడు ఓట్లు పడ్డాయి.

మిసిసిపీ గవర్నర్లకి ఆ కాలంలో వచ్చిన ఉత్తరాల్ని వేల సంఖ్యలో స్కాన్ చేసి, చేతిరాతని టైపు కొట్టి మరీ నెట్‌లో పెట్టారు. డబ్బు కట్టక్కర్లేదు. ఒక పది చదవండి, గంట కూడా పట్టదు. ఆ తర్వాత కూడా "ఎవరికి తెలుసండీ" అనాలనిపిస్తే అనండి. కాకపోతే అప్పుడది తెలియక అన్న మాట కాదు, తెలిసి అన్న మాట. పియర్‌పాంట్ కూడా అన్నీ తెలిసే ఆ జవాబు రాశాడు.