విహారులును, పానశాలా మర్యాదయును

మనవారిలో నొక దురభిప్రాయము బలపడియున్నది. మర్యాద యనునది కచేరీలోను, పెండ్లిపందిటిలోను, పెద్దలయెదుటను చూపవలసినదే గాని, సెలవునాడు ఊరు దాటి వచ్చి చిన్న పానశాలలో బల్లముందు కూర్చుండినప్పుడు అక్కఱలేదని వారి తలంపు. ఈ తలంపును మేము ఖండించుచున్నాము. ఎఱిగినవారు చూచుచున్నప్పుడు మాత్రమే చూపునది మర్యాద గాదు, జంకు. ఎవరును ఎఱుగనిచోట నిలుచునదే మర్యాద.

బనగానపల్లెనే చూడుడు. 1948 వఱకు నవాబుల సంస్థానమునకు ముఖ్యపట్టణమై, పిమ్మట కర్నూలు జిల్లాలో జేరి, 2022 నుండి నంద్యాల జిల్లాలోనున్న యీ యూరు మామిడిపండుచే లోకమునకు దెలిసినది. యాగంటి ఉమామహేశ్వరుని దర్శింపబోవువారును, 2002లో సందర్శకులకు దెఱవబడిన బెలుం గుహలను జూడబోవువారును ఈ ప్రాంతమునకు వచ్చుచుందురు. ఎండకు బడలినవారికి టీ అంగడి యేమి, సోడాబండి యేమి, మద్యశాల యేమి, అన్నియు విశ్రాంతిస్థానములే. అయితే విశ్రాంతి వచ్చినవారిది; పని మఱియొకరిది. ఈ రెండవమాటనే విహారులు మఱచుచున్నారు.

కూర్చుండీ కూర్చుండకముందే చిటికె వేయుదురు. గ్లాసుతో బల్లపై గొట్టుదురు. తండ్రియీడు వానిని "ఒరేయ్" అని పిలుతురు. "అన్నా", "అమ్మా" యను పిలుపునకు పైకము ఖర్చగునా? ముందువచ్చిన పల్లెటూరివాడు నిలువబడియుండగా, కారు దిగినవారు వరుస తప్పించి మా కిమ్మందురు. నలుగురు కూర్చుండవలసిన బల్లపై ఇద్దరు కూర్చుండి, తక్కిన కుర్చీలపై సంచు లుంచుదురు. చేతిఫోనులోని పాటను అంగడియంతయు వినవలసినదే. నీళ్ళు కొని తెచ్చుకొను ఈ మెట్టసీమలో, గ్లాసెడు నీరు తెప్పించుకొని రెండు గ్రుక్కలు త్రాగి, మిగిలినదానితో చేతులు కడుగుకొందురు. తుదకు పైకము నీయవలసివచ్చినప్పుడు చేతికీయక బల్లపై విసరుదురు.

వీరి సమాధానము మేమెఱుగుదుము. "మేము రొక్కము చెల్లించితిమి గదా!" యందురు. నిజమే. చెల్లించినది పానీయమునకు, దానిని దెచ్చియిచ్చిన మనుష్యుని గౌరవమునకు గాదు. ఆ సరకు ఏ యంగడిలోను అమ్మకమునకు లేదు. "దుకాణదారుడే నియమములు పెట్టరాదా?" యని మఱికొందఱందురు. బేరము పోవునను భయముతో నోరు మెదపలేనివానిపై ఈ భారము మోపుట పిఱికితనము.

అన్నిటికంటె హేయమైనది వేఱొకటి యున్నది. గ్లాసు నందుకొనుచు, ఇచ్చినవాని పేరడిగి, ఊరడిగి, తుదకు కులము దెలిసికొన జూచు దుర్బుద్ధి యింకను చావలేదు. తెలుగునాట టీ అంగళ్ళలో రెండుగ్లాసుల పద్ధతి నడచినదని మఱువరాదు. అంటరానితనమును 17వ అధికరణము రద్దుచేసినది. అంగళ్ళలోను, భోజనశాలలలోను కులమునుబట్టి యెవ్వరి ప్రవేశమును అడ్డగింపరాదని 15వ అధికరణము శాసించుచున్నది. శాసనము ద్వారము దెఱచినది. లోపల కూర్చుండినవారి చూపును మార్చుకొనవలసినవారు మనమే. అట్లే, 14 ఏండ్లు నిండని పిల్లలచే హోటళ్ళలో పనిచేయించుట 2006 నుండియు నిషిద్ధము. అట్టి బాలుడు గ్లాసులు కడుగుచుండగా హాయిగా త్రాగిపోవువాడు ఆ నేరమునకు గిరాకి.

ఇక మద్యశాల. త్రాగువారికి మర్యాద నేర్పుట త్రాగుడును సమర్థించుటయే యని కొందఱు సంస్కర్తలు కోపింతురు. చరిత్రను జూడుడు. చెన్నరాజధానిలో 1937లో సేలమునందు మొదలైన నిషేధము మఱుసటియేట మన పొరుగుననున్న కడపకు వచ్చెను. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిరి, 1995లో ఆంధ్రప్రదేశమంతట నిషేధము అమలయ్యెను, 1997లో సడలిపోయెను. శాసనములు వచ్చినవి, పోయినవి. త్రాగినవాని నోటిదురుసు మాత్రము అట్లే నిలిచినది. నిషేధము కోరువారు కోరుదురుగాక. అది వచ్చువఱకు, పనివానికి జరుగు అవమానమును వాయిదాలో నుంచుట యే న్యాయము?

త్రాగుమని మేము చెప్పము. త్రాగినవాడు ప్రక్కబల్లనున్న కుటుంబమును నోటితోగాని చూపుతోగాని బాధింపరాదు. వలదన్నవానిని స్నేహముపేర బలవంతపెట్టరాదు. మూయువేళ యైనదన్నప్పుడు లేచిపోవలయును. సీసాను చేనిగట్టున పగులగొట్టినచో, తెల్లవాఱి అది గ్రుచ్చుకొనునది గొఱ్ఱెలకాపరి పాదమున. త్రాగి బండి నడుపుటయన్ననో, అది మర్యాదను మించిన మాట: నూఱు మిల్లీలీటర్ల రక్తమునందు 30 మిల్లీగ్రాములకు మించి మద్యసారమున్నచో 1988 నాటి మోటారువాహనముల చట్టము ప్రకారము నేరమే.

గృహస్థులారా! మీ పిల్లలకు నీతిపుస్తకములు కొనియిచ్చుచున్నారు. వారు చదువునది పుస్తకముకంటె మీ ముఖమునే. యాగంటి దారిలో దప్పికకై ఆగినప్పుడు, నీళ్ళు దెచ్చినవానితో తండ్రి యెట్లు మాటాడెనో, ఎంగిలి గ్లాసును తల్లి యెక్కడ నుంచెనో వారు చూచుచునే యుందురు. దేవుని యెదుట చేతులు జోడించి, వెలుపలికి వచ్చి మనుష్యుని "ఒరేయ్" అన్నచో, పిల్లవాడు నేర్చుకొనునది రెండవదానినే. సెలవు పనికి మాత్రమే. మనుష్యత్వమునకు సెలవు లేదు.