‘ఇది ఎవరి కథరా?’ అని అడిగి మేము చేసిన పని

ఇది కొంచెం పెద్ద పోస్టు. బ్రేక్‌లో సగం, రూంకి పోయాక సగం చదువుకోండి.

మేము నలుగురం డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఒక డబుల్ బెడ్‌రూం అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. ఇద్దరిది గ్యాస్ స్టేషన్, ఒకరిది వేర్‌హౌస్, ఒకరిది కాంట్రాక్ట్ సాఫ్ట్‌వేర్. అందులో వేర్‌హౌస్‌లో రాత్రి షిఫ్టు చేసేవాడు కథలు రాస్తాడు. పోయినేడు ఫేస్‌బుక్‌లో ఒకటి పెట్టాడు. కథలో కుర్రాడు ఎమ్మెస్ అయిపోయి ఉద్యోగం దొరకక గ్యాస్ స్టేషన్ కౌంటర్‌లో నిలబడతాడు. ఇంట్లోవాళ్లకి సాఫ్ట్‌వేర్ అని చెప్పాడు. నాన్న ఫోన్ చేస్తే కూల్‌డ్రింకులు పెట్టే కూలర్ గదిలోకి పోయి మాట్లాడతాడు. “ఆ గుయ్యిమనే చప్పుడేందిరా?” అని నాన్న అడిగితే “సర్వర్ రూం నాన్నా” అంటాడు.

పేరు మార్చాడు, ఊరు మార్చాడు, జిల్లా కూడా మార్చాడు. కానీ ‘సర్వర్ రూం’ మార్చలేదు. మూడో రోజు మాలో ఒకడికి ఇంటినుంచి ఫోన్. ఊళ్లో ఎవరో ఆ కథ చదివి వినిపించారట. ఆ పెద్దాయన ఒక్కటే అడిగాడు: “ఇది ఎవరి కథరా?”

ఆ రాత్రి రూంలో జరిగింది ఇక్కడ రాయం. పొద్దునకల్లా కథ డిలీట్ అయింది. ముగ్గురం కలిసి చేయించాం. “రాసుకోవాలనుంటే నీ బతుకు రాసుకో, మా బతుకు నీకెందుకు?” అన్నాం. వాడు తిరిగి ఏమీ అనలేదు. మళ్లీ ఏమీ రాయలేదు కూడా.

ఇప్పుడు అనిపిస్తోంది, మేము అన్న మాట తప్పు అని. అలా అనిపించడానికి ఒక పుస్తకం కారణం.

కార్లోస్ బులోసాన్ అని ఒక ఫిలిప్పీన్స్ మనిషి. బినలోనన్ అనే ఊళ్లో రైతు కుటుంబం. 1930లో ఓడ దిగి సియాటిల్‌లో అడుగుపెట్టాడు. ఇంకా ఇరవై కూడా నిండని పిల్లవాడు. అలాస్కా చేపల క్యానరీలు, కాలిఫోర్నియా పొలాలు, హోటళ్లలో అంట్లు, అదీ అప్పటి ఫిలిప్పినోల బతుకు. ఆయన రావడానికి ఆరు నెలల ముందే, ఆ జనవరిలో, కాలిఫోర్నియాలోని వాట్సన్‌విల్‌లో తెల్లవాళ్ల గుంపులు ఫిలిప్పినో కూలీల మీద రోజుల తరబడి దాడి చేశాయి. ఫెర్మిన్ టొబేరా అనే 22 ఏళ్ల కుర్రాడు తుపాకీ గుండుకి చనిపోయాడు. అంటే బులోసాన్ దిగింది అట్లాంటి దేశంలో. తర్వాత క్షయ వచ్చి, ఊపిరితిత్తులకి ఆపరేషన్లయి, రెండేళ్ల దాకా లాస్ ఏంజెలెస్ ఆసుపత్రిలో పడుకున్నాడు. ఆ మంచం మీదే తెగ చదివాడు. 1946లో ‘అమెరికా ఈజ్ ఇన్ ది హార్ట్’ వచ్చింది.

(అదే 1946లో వచ్చిన ఒక చట్టంతోనే ఫిలిప్పినోలకీ, మన ఇండియా వాళ్లకీ ఈ దేశంలో పౌరసత్వం తీసుకునే హక్కు దొరికింది. ఒకే కాగితంలో ఇద్దరికీ. మన గ్రీన్‌కార్డు క్యూ గురించి మాట్లాడుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోవచ్చు.)

ఆ పుస్తకం ఆత్మకథలాగే ఉంటుంది. చెప్పేవాడి పేరు కూడా కార్లోసే. కానీ పూర్తిగా ఆత్మకథ కాదు. కుటుంబం వాళ్ల పేర్లు మార్చాడు. అందులో పడిన దెబ్బలన్నీ ఒక్క ఒంటి మీద పడినవి కావు. 1973లో మళ్లీ అచ్చయినప్పుడు ముందుమాట రాసిన కేరీ మెక్‌విలియమ్స్ కూడా దాదాపు ఇదే అన్నాడు: అవన్నీ బులోసాన్‌కే జరిగి ఉండకపోవచ్చు గానీ, ప్రతి ఒక్కటీ ఎవరో ఒక ఫిలిప్పినోకి జరిగినదే.

మేము దీని దగ్గరే ఆగిపోయాం. ఆ మనిషి చాలాకాలం జబ్బుతో ఉన్నాడు. పొలంలో ఏళ్లకేళ్లు వంగి పనిచేసే ఒళ్లు కాదు. మరి ఆ నడుం నొప్పి ఎక్కడిది? పక్క మంచం వాడిది, అన్నది, క్యాంపులో రాత్రి పేకాడుతూ చెప్పుకున్నవాళ్లది. వాళ్లందరి తరఫున ‘నేను’ అన్నాడు. అబద్ధమా? మాకైతే అబద్ధం అనిపించలేదు. రచయిత బతుకంటే వాడికి జరిగింది మాత్రమే కాదు, వాడి చెవిన పడింది, వాడు కడుపులో దాచుకున్నది కూడా. మా రూంమేట్‌కి ఆ కూలర్ చప్పుడు తెలియదు, వాడు ఎప్పుడూ కౌంటర్‌లో నిలబడలేదు. కానీ ఫోన్ పెట్టేసి వచ్చినవాడి మొహం రోజూ చూశాడు.

స్టెయిన్‌బెక్‌ది ఇంకో రకం. ‘ఆఫ్ మైస్ అండ్ మెన్’లో లెన్నీ నిజంగా ఉన్న మనిషేనని ఆయనే 1937లో ఒక పత్రికకి చెప్పాడు. తను కూడా ఆ పనుల్లో కొంతకాలం తిరిగాడు. అయితే అసలు మనిషి చంపింది మేస్త్రీని, నవలలో అమ్మాయిని. అంటే జరిగింది జరిగినట్టు రాసేస్తే పని అయిపోదన్నమాట.

మన దగ్గర వట్టికోట ఆళ్వారుస్వామి లేడా? విజయవాడలో హోటల్ సర్వర్‌గా చేసినవాడు. తర్వాత దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు మోసుకుని ఊరూరా తిరిగి అమ్మాడు, జైలుకి పోయాడు. ఆయన ‘ప్రజల మనిషి’లో కంఠీరవం ఆళ్వారుస్వామి కాదు. కానీ అన్ని గడపలు తొక్కకపోతే ఆ ఊరిని అట్లా రాయగలిగేవాడా? వడ్డించినవాడికి తెలుస్తుంది, ఎవడు తింటున్నాడో ఎవడు చూస్తున్నాడో.

అమెరికా తెలుగు కథలు చాలానే చదివాం. సొంత ఇల్లు, పిల్లలకి తెలుగు రాకపోవడం, ఇండియానుంచి వచ్చిన అమ్మానాన్నల ఒంటరితనం. అందులో తప్పేం లేదు. రాసినవాళ్లు డాక్టర్లు, ప్రొఫెసర్లు, ఎప్పుడో స్థిరపడ్డ ఇంజనీర్లు. వాళ్ల బతుకు వాళ్లు రాశారు. గ్యాస్ స్టేషన్ కుర్రాడు అందులో తక్కువగా కనిపిస్తాడని మనమే మూలుగుతాం. తీరా మనలో ఒకడు రాస్తే డిలీట్ చేయించింది ఎవరు? మేమే. ఇది మాత్రం ఎవరి మీదకీ నెట్టలేం.

అయినా పెద్దాయన బాధ చిన్నది కాదు. అప్పు చేసి పంపినాయన. ఊళ్లో నలుగురి ముందు ఆ కథ వినాల్సి వచ్చింది. బులోసాన్ గొప్ప పుస్తకం రాశాడు కదా అని ఆ అవమానం తుడిచిపెట్టుకుపోదు. రాసేవాడు ముందు మనతో ఒక మాట అనాల్సింది. ‘నీది వాడుకుంటున్నా’ అని. వాడు అది అనలేదు, ఆ తప్పు వాడిదే. అడిగి ఉంటే మేము ఒప్పుకునేవాళ్లమా అంటే, నిజం చెప్పాలంటే, ఒప్పుకునేవాళ్లం కాదు.

పోయిన ఆదివారం బిర్యానీ వండుకుని కూర్చున్నప్పుడు వాడితో అన్నాం, మళ్లీ రాయి అని. షరతులు కూడా పెట్టాం. రాసింది ముందు రూంలో చదవాలి. ఎవరి వీసా సంగతీ రాయొద్దు. ఊరు ఈసారి ఆంధ్రా వైపు పెట్టు, మా వైపు వద్దు. వాడు తల ఊపుతూ తింటున్నాడు. సర్వర్ రూం తీసేస్తాలే అన్నాడు.

గ్యాస్ స్టేషన్ వాడే అడ్డంపడ్డాడు. అదొక్కటీ ఉంచు అన్నాడు.