నానో విద్యయు ప్రజలును

రాతిలోని బంగారము కంటికి గానరాదన్న సంగతి రామగిరి వారికి ఒకరు చెప్పనక్కరలేదు. ఆ కొండల క్రిందనున్న రాతిలో టన్నుకు కొన్ని గ్రాముల బంగారము మాత్రమే యుండెడిది. దానిని రాబట్టుటకు రాతిని పిండిగా నూరి రసాయన ద్రవములలో కరగింపవలసి వచ్చెడిది. ఇరువదవ శతాబ్ది తొలి దశకములలో ఆంగ్లేయ కంపెనీలును, పిదప ప్రభుత్వ సంస్థయైన భారత్ గోల్డ్ మైన్సును త్రవ్విన యీ గనులు 2001లో మూతపడినవి. నేడు ఆ కొండలపై గాలిమరలు తిరుగుచున్నవి. వానిని జనులు కన్నులార చూచుచున్నారు. అవి తిరిగిన దినమేదో, నిలిచిన దినమేదో ఎరుగుదురు, మంచిచెడ్డలు చెప్పగలరు. కాని చూపునకందని వస్తువు మరియొకటి యిప్పుడు ధర్మవరము, పెనుగొండ, హిందూపురము సీమల రైతు వాకిటికి వచ్చియున్నది. దాని పేరు నానో. దానిని గూర్చి మంచిచెడ్డలు చెప్పగలవారెందరు?

మీటరులో నూరుకోట్లవ వంతు ఒక నానోమీటరు. తలవెండ్రుక మందము ఇంచుమించు ఎనుబది వేలు మొదలు లక్ష నానోమీటర్ల వరకు నుండును. ఒక సెకనులో మన గోరు పెరుగునది సుమారొక నానోమీటరు. ఇంత చిన్న పరిమాణమునకు దిగినపుడు పదార్థముల గుణములే మారును. బంగారమునే చూడుడు. ముద్దగానున్నపుడు పసుపుపచ్చన; నీటిలో తేలు అతిసూక్ష్మ కణములైనపుడు కెంపువలె ఎఱ్ఱన. దీనిని 1857లో మైఖేల్ ఫారడే పరీక్షించి చూపెను. ఆయన చేసిన బంగారు ద్రవపు సీసాలు లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనులో నేటికిని భద్రముగా నున్నవి, చూడగోరినవారు చూడవచ్చును. తామరాకుపై నీటిబొట్టు నిలువక జారుటకును ఆకు పైపొరయందలి యిట్టి సూక్ష్మ నిర్మాణమే కారణము. కావున నానో యనునది పరదేశపు మాయ గాదు. మన చెరువులోనే యున్నది. దానిని మనుష్యుడు తన యిచ్చవచ్చినట్లు నిర్మింప నేర్చుటయే క్రొత్త.

ఆ నేర్పు ఫలితములలో మన రైతునకు ముందుగా తగిలినది నానో యూరియా. 2021 మే 31వ తేదీన ఇఫ్కో సంస్థ దీనిని లోకమునకు ప్రకటించినది. అర లీటరు సీసాకు తొలుత 240 రూపాయలు వెలగట్టి, అది 45 కిలోల యూరియా బస్తాకు సాటి యని చెప్పినది. లెక్క చూతము. ఆనాటి సీసాలో నత్రజని నూటికి 4 వంతులు, అనగా సుమారు 20 గ్రాములు. బస్తాలో నూటికి 46 వంతుల చొప్పున 20 కిలోలకు పైన. ఒకటి వేయింటికి సాటి యెట్లగును? నేలపై చల్లిన యూరియాలో చాల భాగము నీటిలో కొట్టుకొనిపోయి, గాలిలో కలిసి వ్యర్థమగుననియు, ఆకుపై చల్లిన సూక్ష్మకణములు లోనికి జొచ్చి పైరునకు నేరుగా నుపయోగపడుననియు తయారుచేసినవారి సమాధానము. అయినను పంజాబు వ్యవసాయ విశ్వవిద్యాలయము వారు రెండేండ్లు పండించి చూచి, ఇట్టి పద్ధతిలో వరి, గోధుమ రెంటిలోను దిగుబడి తగ్గెనని తెలిపిరి. పరదేశ శాస్త్రజ్ఞులును 2023లో సందేహములు వెలిబుచ్చిరి.

ఈ వివాదమున తీర్పు చెప్పుట మా యుద్దేశము గాదు. ఆ పని పొలములలో జరుగు పరీక్షలది. మేమడుగునది వేరు. పైని వ్రాసిన లెక్క అయిదవ తరగతి బాలుడు వేయగలిగినది. ఆ లెక్కను సీసా కొనుటకు ముందే రైతు ముందుంచి, ఉభయపక్షముల వాదములను తేట తెలుగున వినిపించు చోటొకటి యీ సీమలో నుండెనా? దుకాణదారుడు చెప్పినది నమ్ముటయో, పొరుగువాడు చెప్పినది నమ్మకుండుటయో తప్ప రైతునకు వేరు గతి యేమి? నమ్మకమును అపనమ్మకమును రెండును తెలియమి నుండి పుట్టినపుడు రెండును హానికరములే.

ఇట్టి తెలియమికి దేశమొకమారు మూల్యము చెల్లించినది. బి.టి. వంకాయ విషయమున నిపుణుల సంఘము తన యనుమతి నిచ్చిన పిదపగాని ప్రజలను పిలిచి యడుగలేదు. 2010 ఆరంభమున హైదరాబాదు, బెంగళూరు మొదలగు ఏడు నగరములలో జరిగిన బహిరంగ సభలు శాస్త్రచర్చలుగాక చాలవరకు కేకల సభలైనవి. ఫిబ్రవరిలో ప్రభుత్వము ఆ విత్తును నిలిపివేసినది. ఆ నిర్ణయము సరియో కాదో యనుటలో భిన్నాభిప్రాయములుండవచ్చును. కాని మాట్లాడవలసిన మాటను ముందుగా మాట్లాడియుండిన, చర్చ చర్చగా సాగియుండెడిదనుటలో భిన్నాభిప్రాయముండదు.

అమెరికావారు ఈ పాఠమును నానో విషయమున ముందుగానే గ్రహించిరి. 2005లో ప్రభుత్వ ధనసాయముతో బోస్టను, సెయింట్ పాల్, సాన్ ఫ్రాన్సిస్కో నగరముల విజ్ఞాన ప్రదర్శనశాలలు మూడును ముందు నిలిచి దేశమంతటి ప్రదర్శనశాలల నొక బంధమున గూర్చినవి. 2008 మొదలు ఏటేట నానో దినములను జరిపి, బల్లమీద చేసి చూపదగిన చిన్న చిన్న పరీక్షల సామగ్రిని పెట్టెలలో సర్ది ఉచితముగా పంపినవి. అంతటితో నాగక, ఈ విద్య వలన లాభమెవరికి, నష్టమెవరికి, అదుపు ఎవరి చేతిలో నుండవలెననుటను గూర్చి సామాన్యులను శాస్త్రజ్ఞులను ఒక్క బల్లచుట్టు గూర్చుండబెట్టి మాటలాడించినవి. జర్మనీలో మ్యూనికు నగరపు డాయిషెస్ మ్యూజియమువారు నానో పరిశోధనశాలనే ప్రదర్శనశాలలో నెలకొల్పిరి. పరిశోధకుడు పని చేయుచుండగా చూడవచ్చినవాడు అతనినే ప్రశ్నించుటకు అచ్చట వీలుండెడిది.

మనకును సాధనములు లేకపోలేదు. కలకత్తాలో 1959లో బిర్లా పారిశ్రామిక ప్రదర్శనశాల తెరువబడినది. బెంగళూరులో విశ్వేశ్వరయ్యగారి పేరిట వెలసిన ప్రదర్శనశాల భవనమును 1962లో నెహ్రూగారు ప్రారంభించిరి. తిరుపతిలో ప్రాంతీయ విజ్ఞానకేంద్రమున్నది. ప్రదర్శనములను బస్సులలో నెక్కించి పల్లెలకు గొనిపోవు పద్ధతి మన దేశమున 1965 నుండియే కలదు. నానో పరిశోధనకై కేంద్రప్రభుత్వము 2007లో అయిదేండ్లకు వేయికోట్ల రూపాయల ప్రణాళికను మంజూరు చేసినది. ఆ ధనము ప్రజలది. ధనమిచ్చిన ప్రజకు దానితో జరిగిన పనిని చూచు హక్కు లేదా?

ఇచ్చటనొక హెచ్చరికయు చేయవలసియున్నది. 2006లో జర్మను శాస్త్రజ్ఞులు పదునేడవ శతాబ్దపు డమాస్కసు కత్తి యలుగులో కర్బన నానో నాళములను కనుగొనిరి. అట్టి కత్తులకు వలయు ఉక్కు భారతదేశము నుండి పోయెడిది. తెలుగునాట కోనసముద్రము ఆ యుక్కునకు ప్రసిద్ధి. మన కమ్మరుల హస్తకౌశలమునకు మనము గర్వింపదగును. కాని వారికి నానో నాళముల సంగతి తెలియుననుట వారికిని సత్యమునకును అపచారము. ప్రదర్శనశాలలో గర్వమునకు చోటుండవచ్చును, కల్లకు చోటుండరాదు.

ఇక కర్తవ్యమేమి? మొదట, బెంగళూరు తిరుపతి సంస్థలు నానో విషయమున తెలుగు ప్రదర్శనమును సిద్ధపరచి, సంచార వాహనములలో హిందూపురము, పెనుగొండ, ధర్మవరము సంతలకు పంపవలెను. ఎఱ్ఱని బంగారు ద్రవమును, తామరాకును, యూరియా సీసాను, దాని ప్రక్కనే బస్తాను ఉంచవలెను. రెండవది, కదిరి వ్యవసాయ పరిశోధన స్థానము నుండి యొకరు, హిందూపురము చెంత కిరికెరనున్న పట్టుపరిశోధన సంస్థ నుండి యొకరు ఆనాడచ్చట నుండి రైతులకును ధర్మవరపు నేతగాండ్రకును జవాబు చెప్పవలెను. తెలిసినది తెలిసినదనియు, తేలనిది తేలలేదనియు చెప్పవలెను. మూడవది, రామగిరిలో మూతపడిన గని యావరణమున నొక చిన్న ప్రదర్శనశాల నెలకొల్పవలెను. రాతినుండి బంగారము, బంగారమునుండి కణము అను క్రమమున చూపుటకు ఇంతకంటె తగిన చోటు ఆంధ్రమున వేరొకటి లేదు. గని పనివారిలో బ్రదికియున్న వృద్ధులే అచ్చట మొదటి యుపాధ్యాయులు కాగలరు.

వానలు లేక అల్లాడు సీమలో ప్రదర్శనశాల యేల, చెరువు పూడిక తీయుడు అని కొందరనవచ్చును. చెరువు వలయును, అందు వివాదము లేదు. కాని పంటకు నానో, బట్టకు నానో, త్రాగునీటి జల్లెడకు నానో అని అంగడిలో పిలుపులు హెచ్చుచున్నపుడు, అందేది నిజమో పరికింపజాలని బీదవాడే ముందుగా మోసపోవును. ధనవంతునకు తప్పు చేసి దిద్దుకొను శక్తి కలదు; ఒక పంట పోయిన నిలువజాలని వానికది లేదు. ఇది అతని రక్షణకై చేయు వ్యయము.

స్వపరిపాలనమనగా అయిదేండ్ల కొకమారు ఓటువేయుట మాత్రమే గాదు. తన పొలముపై పడు బొట్టెట్టిదో అడుగగలుగుటయు, అడిగినపుడు జవాబు పొందుటయు దానిలోనివే. రామగిరి ప్రజలు కానరాని బంగారమును లోకమునకు వెలికిదీసి యిచ్చిరి. కానరాని యీ క్రొత్త విద్యను వారి కన్నులకు చూపుట ప్రభుత్వపు విధి. జిల్లా ప్రజాప్రతినిధులు ఈ విషయమును శాసనసభలో ప్రస్తావింతురని ఆశించుచున్నాము.