కొట్లో నిమ్మ రుచులు

వేసవి రాగానే కొట్లనిండా నిమ్మ బొమ్మలే. మూడు రకాలు తెప్పించి మా సిస్టర్లు, నేను రుచి చూశాము. బిస్కట్టులో వాసనే గాని పులుపు లేదు. సీసా ఊరగాయ బాగుంది, కాని బి.పి. ఉన్నవారికి ఆ ఉప్పు తగదు. పొడి కలిపిన షర్బతు నాలుకకు హాయిగానే ఉంది, కాదనను. ప్యాకెట్టు వెనుక చూస్తే మొదటి పేరు చక్కెర, తరువాత 330 నంబరు సిట్రిక్ యాసిడ్, 102 నంబరు పసుపు రంగు. నిమ్మకాయ బొమ్మలోనే ఉంది! షుగరు ఉన్నవారు దీనిని నిమ్మరసమనుకొని త్రాగరాదు. గూడూరు కాయ ఒకటి పిండుకొంటే చాలదా?

నా బాధ తల్లుల గురించి. విరేచనాలైన బిడ్డకు ఈ షర్బతే పట్టించి, నీరసించాక వార్డుకు తెస్తున్నారు. ఎక్కువ తీపి విరేచనాలను పెంచుతుంది. ఓ.ఆర్.ఎస్. పొట్లమే వాడండి. 20.5 గ్రాముల పొట్లమైతే మొత్తం ఒకేసారి లీటరు నీటిలో కలపాలి. 24 గంటలు దాటితే మిగిలినది పారబోయండి.