నీరు, పచ్చిక, నిప్పు

ముస్లింలు మూడింటిలో భాగస్వాములని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించినట్లు అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. ఆ మూడూ నీరు, పచ్చిక, నిప్పు. కుళాయి నీటితో, గ్యాసు పొయ్యితో, ప్యాకెట్టు పాలతో రోజులు గడిపే పట్టణ కుటుంబాలకు ఈ మాటలోని బరువు అంత సులువుగా అందదు. ఆ మూడింటి మీదే బ్రతుకు నిలిచి ఉన్న ఒక పచ్చిక మైదానంలో రెండు రాత్రులు విడిది చేసే అవకాశం అల్లాహ్ మాకు కలిగించాడు. ఆ అనుభవాన్ని పాఠకులతో పంచుకోవడం ఉచితమని భావిస్తున్నాము.

ఆ చోటు కిర్గిజ్‌స్తాన్‌లోని సోన్‌కోల్ సరస్సు తీరం. సముద్రమట్టానికి 3,016 మీటర్ల ఎత్తున, కొండల వలయం నడుమ, సుమారు 270 చదరపు కిలోమీటర్ల నీరు. దాని చుట్టూ ఒక్క చెట్టయినా లేని పచ్చిక. బిష్కేక్‌లో వైద్యవిద్య అభ్యసిస్తున్న మన తెలుగు పిల్లలు సెలవులలో అక్కడికి వెళుతుంటారు. అందువల్ల వారికీ, ఇక్కడ వారి కోసం దుఆ చేసే తల్లిదండ్రులకూ ఈ సంగతులు ఉపయోగపడగలవు.

శీతకాలమంతా ఆ సరస్సు గడ్డకట్టి ఉంటుంది. జూన్‌లో కాపరులు గొర్రెలతో, గుర్రాలతో, కుటుంబాలతో పైకి వస్తారు, సెప్టెంబరులో దిగిపోతారు. ఈ వేసవి మేత భూమిని వారు ‘జైలూ’ అంటారు. వంచిన కర్రల చట్రం మీద, గొర్రె ఉన్నిని తడిపి ఒత్తి చేసిన దళసరి కంబళ్లు కప్పితే వారి గుడారం సిద్ధమవుతుంది. పైకప్పు నడుమనున్న ‘తుందుక్’ అనే వలయమే ఆ దేశపు జెండా మీద కనిపిస్తుంది. ఈ గుడారాల నిర్మాణ విద్యను 2014లో యునెస్కో మానవాళి వారసత్వంగా గుర్తించింది. ప్రయాణంలోనూ విడిదిలోనూ తేలికగా ఉండే గుడారాలను, ఉన్నితో గృహోపకరణాలను అల్లాహ్ ప్రసాదించిన సంగతిని నహ్ల్ సూరా 80వ ఆయత్ గుర్తు చేస్తుంది. ఆ ఆయత్ భావాన్ని అక్కడ చేతితో తాకి చూడవచ్చు.

పచ్చిక సంగతి చూద్దాం. సోవియట్ పాలకులు 1930ల నాటికి ఈ సంచార ప్రజలను బలవంతంగా సమష్టి క్షేత్రాలలో స్థిరపరచారు. 1991లో స్వాతంత్ర్యం వచ్చాక ఆ వ్యవస్థ కూలింది. దూరపు మేత భూములకు వెళ్లే స్తోమత లేక, చాలామంది ఊరి చెంతనే జీవాలను మేపారు. అక్కడి నేల నలిగిపోయింది. 2009 నాటి చట్టం మేత భూముల నిర్వహణను స్థానిక వినియోగదారుల సంఘాలకే అప్పగించింది. పచ్చిక ఏ ఒక్కరి సొత్తూ కాదు గనుకనే దానిని కాపాడటం అందరి బాధ్యత అవుతుంది. మాకు ఆతిథ్యమిచ్చిన ‘ఎజే’ (వారి భాషలో అక్క) బాట విడిచి వెళ్లిన కార్ల చక్రాల గాడిని చూపి, “గొర్రె కొరికినది మళ్లీ మొలుస్తుంది. ఇది ఎన్నేళ్లకు మానుతుందో!” అన్నది. వెళ్లేవారు వాహనాన్ని బాట దాటించరాదు.

ఇక నీరు. సరస్సు ఎంత విశాలమైనా, గుడారానికి నీరు బిందెలతో మోసుకు రావలసిందే. మోసేది ఎక్కువగా స్త్రీలు, పిల్లలు. లీటరుకు మించని నీటితో దైవప్రవక్త (స) వుజూ చేసేవారన్న హదీసును ఆచరించడానికి ఇంతకంటే తగిన చోటు లేదు. నీటి రేవులో, నడిచే దారిలో మలవిసర్జన చేయరాదన్న ప్రవక్త ఆజ్ఞను కూడా విడిది చేసేవారు మరువరాదు. సబ్బు నీటిని సరస్సుకు దూరంగా పారబోయాలి. తెచ్చిన ప్లాస్టిక్‌ను తిరిగి తీసుకుపోవాలి.

మూడవది నిప్పు. చెట్లు లేని చోట వంటచెరకు ఎక్కడిది? ఎండిన పేడే ఆధారం. మన పల్లెల పిడకల వంటిదే. జూలైలో సైతం అక్కడి రాత్రులు గడ్డకట్టించేంత చల్లగా ఉంటాయి. అతిథి అడిగినప్పుడల్లా పొయ్యిలో పడేది ఆ ఇంటివారు తమ కోసం కూడబెట్టుకున్న ఇంధనమే. కనుక దళసరి దుస్తులు వెంట తీసుకుపోవడం కూడా ఆతిథేయుల పట్ల ధర్మమే. నిద్రించే ముందు నిప్పు ఆర్పమన్న ప్రవక్త హితవు మూసిన గుడారంలో ప్రాణరక్షణ కూడా.

పులియబెట్టిన గుర్రపు పాలు ‘కుమిస్’ను వారు ప్రేమతో అందిస్తారు. పులియడం వలన అందులో స్వల్పంగా మద్యాంశం చేరుతుంది గనుక మేము వినయంగా చాయ్ కోరాము. ఎజే చిన్నబుచ్చుకోలేదు, రొట్టె, మీగడ కూడా ముందుంచింది. ధర్మాన్ని పాటించడానికి కఠినమైన మాట అవసరం లేదని మా వెంట వచ్చిన పిల్లలు అక్కడ గ్రహించారు.

ప్రయాణికునికి జుహర్, అస్ర్, ఇషా ఫర్జ్ నమాజులు రెండేసి రకాతులకు కుదించబడ్డాయి. ఈ సౌలభ్యాన్ని వినియోగించుకోవాలి. ఎత్తు వలన తలనొప్పి, వాంతులు ఎక్కువైతే పంతానికి పోక వెంటనే కిందికి దిగాలి.

సోదర సోదరీమణులారా! సోన్‌కోల్‌కు అందరమూ వెళ్లలేము. కాని మన వీధి బోరింగు, ఊరి చెరువు, బీడు భూమి కూడా ఉమ్మడి భాగాలే. వాటిలో మన వంతు వాడుకొని, పొరుగువారి వంతును, రేపటి పిల్లల వంతును మిగిల్చే సద్బుద్ధిని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.