చిలీ వైన్ సీసా వెనుక లిథియం లెక్క

జంషెడ్‌పూర్ పక్కనున్న గమ్హరియాకూ, దక్షిణ అమెరికాలోని చిలీ ద్రాక్షతోటలకూ సంబంధం ఏమిటి? చూడటానికి ఏమీ లేదు. కానీ వాణిజ్య ఒప్పందాలు ఇలాంటి దూరాలనే కలుపుతాయి.

2025 ఏప్రిల్‌లో చిలీ అధ్యక్షుడి హోదాలో గాబ్రియేల్ బోరిక్ ఢిల్లీ వచ్చారు. మే 8న సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పంద చర్చల విధివిధానాలపై రెండు దేశాలూ సంతకాలు చేశాయి. మనకు కావలసింది ఖనిజాలు. రాగి ఉత్పత్తిలో చిలీది ప్రపంచంలో మొదటి స్థానం, లిథియంలోనూ ముందువరుసే. విద్యుత్ వాహనాలు ఈ రెండూ లేకుండా నడవవు. ఆదిత్యపూర్, గమ్హరియా కార్ఖానాలు వాహనాల విడిభాగాల మీద బతుకుతున్నాయి. ఉక్కు, వాహన పరిశ్రమల కోసం తరాల క్రితమే ఇక్కడికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది దూరపు వార్త కాదు.

ఇచ్చిపుచ్చుకునే చోట చిలీ చేతిలో ఉన్న పేరున్న సరుకు వైన్. అందులో ప్రత్యేకత కార్మెనేర్ ద్రాక్షది. ఫ్రాన్స్‌లోని బోర్డో నుంచి 19వ శతాబ్దంలో వెళ్లిన ఈ రకాన్ని చిలీ రైతులు చాలాకాలం మెర్లో అనుకుని పెంచారు. 1994లో గానీ దాని అసలు గుర్తింపు తేలలేదు. ఇప్పుడు దీన్ని కేబర్నే సావిన్యాన్‌తో కలిపి రెడ్ వైన్ చేస్తారు. కేబర్నే ఒగరునూ బిగువునూ ఇస్తే, కార్మెనేర్ మెత్తదనాన్నీ పచ్చి క్యాప్సికమ్ లాంటి వాసననూ ఇస్తుంది.

మన భోజనానికి ఇది నప్పుతుందా? కారం దట్టించిన కూరతో నప్పదు. ఆల్కహాల్ మిరప మంటను పెంచుతుంది. గోంగూర, చింతపండు పులుపు ముందు వైన్ చప్పబడిపోతుంది. కారం తగ్గించి మిరియాలతో చేసిన మటన్ వేపుడు, నువ్వులు, వేరుశనగలు వేసిన గుత్తివంకాయ బాగుంటాయి. మాంసంలోని కొవ్వు, ప్రోటీన్ ఒగరును తగ్గిస్తాయి. జార్ఖండ్ వంటల్లో లిట్టీతో తినే కాల్చిన వంకాయ చోఖా, వానాకాలంలో దొరికే రుగ్డా పుట్టగొడుగుల కూర దీనికి సరిజోడు.

అయితే పళ్లెం కంటే ముందు అడ్డొచ్చేది ధర. దిగుమతి వైన్‌పై మామూలుగా పడే సుంకం 150 శాతం. అంటే 500 రూపాయల సీసా రేవు దాటేసరికి 1,250 అవుతుంది. సుంకం సగమైతే 875. మద్యంపై పన్ను రాష్ట్రాల చేతిలో ఉంది కాబట్టి, ఆ తర్వాత ఎక్సైజ్, దుకాణదారుడి లాభం కలుస్తాయి. ఢిల్లీ తగ్గించినదాన్ని రాంచీ తిరిగి రాబట్టుకోవచ్చు.

నాసిక్ ద్రాక్ష రైతుల భయమూ న్యాయమైనదే. దీనికి ఆస్ట్రేలియాతో 2022 డిసెంబరు 29 నుంచి అమలవుతున్న ఒప్పందం ఒక దారి చూపింది. అందులో సీసా ధర 5 డాలర్లు దాటితేనే రాయితీ. చౌక వైన్ వెల్లువెత్తకుండా ఆ గీత అడ్డుకుంటుంది. చిలీ విషయంలోనూ అలాంటి గీత గీయడమే మంచిది.

వైన్ కొద్దిమంది సరదా. రాగి, లిథియం వేలమంది ఉపాధి. మొదటిదాంట్లో కొంత సడలించి రెండోదాంట్లో ఖాయమైన సరఫరా సాధిస్తే బేరం గిట్టినట్టే. సీసా చౌకై, ఖనిజం మాత్రం హామీల్లోనే మిగిలిపోతే నష్టపోయేది గమ్హరియా లాంటి ఊళ్లే.