విండో వచ్చింది కదా అని వదిలేస్తే..

మొన్న కోడ్ రివ్యూలో మళ్ళీ అదే కనిపించింది. స్వింగ్ అప్లికేషన్. మెయిన్ మెథడ్‌లోనే నేరుగా జేఫ్రేమ్ కట్టేసి, బటన్లూ టేబులూ తగిలించేసి, సెట్‌విజిబుల్ అనేశారు. ఇదేంటండీ అంటే "మూడేళ్ళుగా నడుస్తోంది, ఏం కాలేదుగా" అని జవాబు. హెల్మెట్ లేకుండా మూడేళ్ళు తిరిగాను, ఏం కాలేదుగా అన్నట్టుంది!

తప్పంతా వాళ్ళదే అనను. ఒకప్పుడు సన్ వాళ్ళే, విండో తెర మీదకి రానంతవరకూ ఏ థ్రెడ్‌లో కట్టుకున్నా ఫర్వాలేదన్నారు. తర్వాత మాట మార్చి, కట్టడం కూడా ఈవెంట్ డిస్పాచ్ థ్రెడ్‌లోనే అన్నారు. జేటెక్స్ట్‌ఏరియాలో అపెండ్ మెథడ్ థ్రెడ్ సేఫ్ అని జావా 6 డాక్యుమెంటేషన్‌లో ఉండేది, జావా 7లో ఆ ముక్క ఎగిరిపోయింది. మన అమీర్‌పేట నోట్సుల్లో మాత్రం పాత పాఠమే మిగిలింది :)

ఇంతకీ జరిగేదేంటంటే, ప్యాక్ అనగానే విండో రియలైజ్ అయిపోతుంది. ఇటు మెయిన్ ఇంకా టేబుల్ మోడల్‌కి వరసలు కలుపుతూనే ఉంటుంది, అటు ఈవెంట్ థ్రెడ్ అదే టేబుల్‌ని గీయడం మొదలుపెడుతుంది. నా మొదటి ప్రాజెక్టులో సరిగ్గా ఇదే. కస్టమర్ దగ్గర ఎప్పుడో ఒకసారి టేబుల్ ఖాళీగా వచ్చేది, మా మెషీన్లలో ఒక్కసారీ రాలేదు. చివరికి ఒక సీనియర్ గారు అర సెకను స్లీప్ పెట్టి "ఫిక్స్‌డ్" అని రాశారు. నెల తిరక్కుండా అది మళ్ళీ వచ్చింది. తిట్లు తిన్నది మాత్రం టెస్టింగ్ చేసిన పాపానికి ఒక ఫ్రెషర్!

డాట్‌నెట్ వాళ్ళు నవ్వుకోనక్కర్లేదు. 2005లో వచ్చిన 2.0 నుంచీ, వేరే థ్రెడ్ నుంచి కంట్రోల్‌ని ముట్టుకుంటే డీబగ్గర్‌లో ఎక్సెప్షన్ ఇస్తోంది. మనవాళ్ళేం చేశారు? చెక్‌ఫర్‌ఇల్లీగల్‌క్రాస్‌థ్రెడ్‌కాల్స్ ఫాల్స్ అని పెట్టేశారు. పొగ వస్తోంటే అలారం వైరు కోసేసినట్టు.

"స్వింగ్‌నే థ్రెడ్ సేఫ్ చేసుంటే పోయేదిగా" అంటారు కొందరు. సన్‌లో పనిచేసిన గ్రాహమ్ హామిల్టన్ 2004లోనే దీని గురించి రాశాడు. మౌస్ ఈవెంట్లు ఓఎస్ నుంచి పైకొస్తాయి, మన కాల్స్ పై నుంచి కిందకి పోతాయి. రెండూ లాకులు ఎదురెదురు వరసలో పట్టుకుంటే డెడ్‌లాక్ తప్పదు. అందుకే ఆండ్రాయిడ్ కూడా వేరే థ్రెడ్ నుంచి వ్యూని ముట్టుకుంటే ఒప్పుకోదు.

ఇంతా చేసి మార్చాల్సింది ఎంతని? ఆ కట్టే పనంతా ఒక మెథడ్‌లో పెట్టి ఇన్వోక్‌లేటర్‌కి ఇవ్వడమే. మూడు లైన్లు. రివ్యూలో అదే రాసి వెనక్కి పంపాను. "రిలీజ్ అయ్యాక చూద్దాం" అని నిన్న సమాధానం వచ్చింది. నేనింకా అప్రూవ్ నొక్కలేదు.